పంచదార వెయ్యని తీపి

"అబద్ధం ఆడకు వదినా. గ్లాసులో రెండు చెంచాలున్నాయి."

విదొసావ ఆ గాజు గ్లాసును పెరటి బల్ల మీద ఠక్కున పెట్టింది. అడుగున వేలెడు నీళ్లు, నీళ్లలో రెండు చిన్న చెంచాలు. నీళ్లు చెర్రీ రంగుకు తిరిగి ఉన్నాయి.

క్రూనియా తల తిప్పలేదు. రెండు చేతులా తెడ్డు పట్టుకుని రాగి కాగులో కలుపుతూనే ఉంది. తెల్లవారుతూనే పొయ్యి మీదికి ఎక్కించిన ప్లమ్ పండ్లు ఇప్పటికి సగానికి దిగి, నల్లబడి, బుడగలు వేస్తున్నాయి. తెడ్డు ఆగితే అడుగంటుతుంది. ఒక్కసారి అడుగంటిందా, ఏడాదికి సరిపడా పెక్మెజ్ అంతా మాడు వాసనే. అందుకే ఈ పని పెట్టుకున్న రోజు ఇంట్లో ఎంత గొడవైనా తెడ్డు పట్టుకున్న మనిషి మాత్రం కదలదు.

"నా ఇంట్లో దూరి నా గూడు నువ్వెందుకు తీశావు?" అంది క్రూనియా.

"తీశాను. పిండి డబ్బా వెనకాల చెర్రీ పాకం స్లాత్కో సీసా ఎందుకు దాచావు?"

"దాచలేదు. పెట్టుకున్నాను. గడప తొక్కిన వాళ్లకి ఒక చెంచా తీపి పెట్టొద్దా? అంత గతిలేని ఇల్లా మాది?"

"ఎవరు తొక్కారు?"

తెడ్డు ఒక చుట్టు తిరిగింది.

"వచ్చినవాళ్లు వచ్చారు."

"వచ్చినవాళ్లు ఒక చెంచా తిని, మంచినీళ్లు తాగి, ఎంగిలి చెంచా ఈ గ్లాసులో వేస్తారు. రెండు చెంచాలంటే ఇద్దరు. ఒకటి నీది. రెండోది ఎవరిది? ఆగస్టు నుంచి పెరటి అవతల నీ గుమ్మం ఎక్కిన మనిషిని నేను చూడలేదు."

"అయ్యో, నీ కిటికీకి కూడా కనపడలేదా? ముసలిదైపోయింది పాపం, దానికీ కళ్లద్దాలు పెట్టించు."

"ఈ గ్లాసు కడిగి రోజులైంది. శుక్రవారం నేను సంతకి పోయినప్పుడే కదా?"

క్రూనియా కాలితో కట్టెను పొయ్యిలోకి తోసింది. అది చిటపటమంది.

విదొసావకు కావలసింది అదే. దొరికిందనుకుంది.

"పొద్దున మీ తమ్ముడికి షుగరు మిషన్‌లో పద్నాలుగు చూపించింది వదినా. పద్నాలుగు! నా వంటింట్లో పంచదార పలుకు లేదు. తేనె పట్టుకెళ్లి పక్కింటి వాళ్లకి ఇచ్చేశాను. బిస్కెట్టు ముక్క లేదు. సొంత ఇంట్లో జైలు జవానులా కాపలా కాస్తున్నాను. మరి ఎక్కణ్ణుంచి వస్తోంది? గాల్లోంచా?"

ఆగస్టులో విదొసావ మొగుడు స్రెతెన్ ఎడమ కాలి చిటికెన వేలు తీసేశారు. గురువారం డాక్టరు మళ్లీ చూస్తానన్నాడు. షుగరు ఎనిమిదికి దిగితే కాలు నిలుస్తుంది, దిగకపోతే ఈసారి వేలితో పోదు, పాదం తీయవలసి వస్తుందని ముఖం మీదే చెప్పాడు. ఇవాళ మంగళవారం.

"వాడికి నేను పెట్టాననుకుంటున్నావా?" క్రూనియా మొదటిసారి ముఖం ఎత్తింది. డెబ్బై ఆరేళ్ల ముఖం, పొయ్యి వేడికి కందిపోయి ఉంది. "నా తమ్ముడికి? నా చేత్తో?"

"నీ చేత్తోనే. వాడు చిన్నప్పుడు ఏడిస్తే కొంగు చాటున పంచదార ముక్క పెట్టేదాన్నని నువ్వే వందసార్లు చెప్పావు. ఇప్పుడు ముసలాడై ఏడుస్తున్నాడు. నీ మనసు ఆగుతుందా?"

క్రూనియా ఆమెను చూసింది. తర్వాత చూపు కాగులోకి దించింది. అలా చాలాసేపు, అందులో ఏదో పడిపోతే వెతుకుతున్నట్టు, నల్లటి గుజ్జులోకి చూస్తూ ఉండిపోయింది.

"నన్ను కాదు, నీ మొగుణ్ణి అడుగు," అంది చివరికి.

ఆ చూపు విదొసావకు నచ్చలేదు. వీళ్లిద్దరికీ తెలిసినదేదో తనకు తెలియదు. నలభై ఒక్క సంవత్సరాలుగా ఈ ఇంట్లో ఆమెకు అప్పుడప్పుడూ ఇలాగే అనిపిస్తుంది. అక్కా తమ్ముడూ ఒకే గదిలో పుట్టినవాళ్లు. తను బస్సు దిగి వచ్చింది.

*

స్రెతెన్ పీపాల కొట్టంలోంచి కుంటుకుంటూ బయటికి వచ్చాడు. కొట్టంలో పీపా చేసి ఏడాదైంది, కానీ కోపాలు వచ్చినప్పుడు అతను వెళ్లి కూర్చునేది అక్కడే. ఎడమ కాలికి కట్టు, కట్టు మీద తోలు చెప్పు. కుడి బుగ్గ ఉబ్బి ఉంది.

విదొసావ ఆ బుగ్గను చూసింది.

"నోరు తెరువు."

"ఏంటే?"

"నోట్లో ఏముంది? తెరువు!"

"పశువుల డాక్టరువా నువ్వు?"

"తెరుస్తావా, నన్ను తెరవమంటావా?"

స్రెతెన్ అక్క వైపు చూశాడు. క్రూనియా తెడ్డు వైపు చూసుకుంటోంది. అతను నాలుకతో తోసి, అరచేతిలో ఉమ్మి, ఆ చెయ్యి పెళ్లాం ముక్కు కిందికి చాపాడు. ప్లమ్ గింజ. చప్పరించి చప్పరించి పాలిపోయి, ఎముక ముక్కలా తెల్లగా ఉంది.

"నలభై ఏళ్లు కాఫీ తాగేటప్పుడు పంచదార ముక్క బుగ్గన పెట్టుకున్నాను. ఇప్పుడు ఇది పెట్టుకుంటున్నాను. బుగ్గకి ఏదో ఒకటి కావాలి కదా. దీన్నీ తీసేసుకుంటావా?"

విదొసావకు సిగ్గు వేసింది. వేసినా ఆగలేదు. వంగి అతని నోటి దగ్గర వాసన చూసింది. రాకియా సారా లేదు. కాఫీ, పొగ. చొక్కా జేబు తడిమింది, కోటు జేబు తడిమింది. మేకులు, పెన్సిలు ముక్క, చేతిగుడ్డ. చేతిగుడ్డ కూడా వాసన చూసింది.

ఆ పని తప్పని ఆమెకు తెలుసు. వద్దనుకుంటూనే పొద్దున్నే చెయ్యి దానంతటదే అతని కోటు వైపు పోతుంది. అతను పంచదార మానుకున్న రోజునే తనూ ఇది మానుకోవాలనుకుంది. అతనికి గింజ దొరికింది. తనకేమీ దొరకలేదు.

"నా రెండు కళ్ల మీద ఒట్టు. పంచదార పలుకు నోట్లో వేసుకోలేదు. అక్కా స్లాత్కో పెట్టలేదు, నేనూ తినలేదు."

ఒట్టు గట్టిగానే వేశాడు. కానీ వేసేటప్పుడు చూపు నేల మీద ఉంది.

"ఒరేయ్ స్రెతా," అంది క్రూనియా మెల్లగా. "చెప్తావా?"

"ఏం చెప్పాలక్కా?"

"నీకే తెలుసు."

"నాకేం తెలుసు?"

క్రూనియా ఒక్క క్షణం తమ్ముణ్ణి చూసింది. తర్వాత తెడ్డు కర్ర విదొసావ చేతిలో పెట్టింది.

"ఇదిగో, పట్టుకో. పన్నెండున్నర బస్సుకి చాచక్ పోతున్నాను, నా కూతురి దగ్గరికి. అక్కడ నా చెంచాలు ఎవరూ లెక్కపెట్టరు."

"అక్కా, ఇప్పుడేంటి ఇది..." అన్నాడు స్రెతెన్.

అన్నాడే కానీ అడ్డం వెళ్లలేదు. విదొసావ అది గమనించింది. ఎవరైనా అక్క ఇల్లు విడిచిపోతుంటే చెయ్యి పట్టుకుంటారు. ఇతను గింజ తిరిగి బుగ్గలో పెట్టుకుని పొయ్యి పక్కన పీట మీద కూర్చున్నాడు.

అరగంటలో క్రూనియా నల్ల తలగుడ్డ కట్టుకుని, గుడ్డ సంచీతో పెరటి మీదుగా వచ్చింది. విదొసావ తెడ్డు మొగుడి చేతికిచ్చి వంటింట్లోకి పరుగెత్తింది. రొట్టె కోసింది, జున్ను పెట్టింది, రెండు ముక్కల మీద నిరుటి పెక్మెజ్ దట్టంగా పూసి కాగితంలో చుట్టింది. కోపం ఎక్కడిది అక్కడే ఉంది. చేతులు వేరే ఎవరివో అన్నట్టు తమ పని తాము చేసుకుపోయాయి.

విదొసావ తమ్ముడు మిలూన్ పంతొమ్మిదో ఏట నాన్నతో గొడవపడి ఖాళీ కడుపుతో గనుల్లో పనికి పోయాడు. గుమ్మం దగ్గర ఆమె చేతిలో రొట్టె ఉంది. ఇవ్వలోపే మలుపు తిరిగిపోయాడు. మళ్లీ రాలేదు. అప్పటి నుంచీ ఆమె చేతి ముద్ద తినకుండా ఈ గేటు దాటిన మనిషి లేడు.

"తీసుకో వదినా. దారిలో ఆకలేస్తుంది."

క్రూనియా పొట్లం అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"పెక్మెజ్ పూశావా?"

"పూశాను. నీకిష్టం కదా."

"నీది మంచి చెయ్యే విదా. అదే వచ్చింది చిక్కు."

గేటు పక్క బెంచీ మీద పొట్లం పెట్టేసి, కొండ కిందికి, బస్సు ఆగే చోటికి నడిచిపోయింది.

*

నర్సు యెలిత్సా పదకొండున్నరకి వచ్చింది. మంగళవారం, శుక్రవారం వస్తుంది. చిన్న కారు గేటు బయట ఆపి, పెట్టె పట్టుకుని, లోపలికి వస్తూనే గాలి పీల్చింది.

"అబ్బా, ఏం వాసన పిన్నీ! మా ఆఫీసు దాకా వస్తోంది. క్రూనియా పెద్దమ్మేది?"

"ఊరెళ్లింది," అంది విదొసావ తెడ్డు తిప్పుతూ.

యెలిత్సా ఆమె ముఖం, అతని ముఖం చూసింది.  స్రెతెన్ వేలు పొడిచి రక్తపు బొట్టు మిషన్‌కి పెట్టింది.

"పదిహేను."

అంకె పుస్తకంలో రాసుకుంది.

"సరే. ముందు కాలు చూద్దాం."

కట్టు విప్పి, కొత్త గుడ్డ వేలు తీసిన చోట మటుకు చుట్టి, మిగతా పాదం గాలికి వదిలేసింది. తర్వాత పాదానికి స్పర్శ తెలుస్తోందో లేదో చూడటానికి పెట్టెలోంచి సన్నటి నైలాన్ దారం తీసింది.

"కళ్లు మూసుకో బాబాయ్. దారం తగిలినప్పుడల్లా 'ఆఁ' అను."

స్రెతెన్ కళ్లు మూసుకున్నాడు. యెలిత్సా బొటనవేలు కింద దారం ఆనించింది. అతను పలకలేదు. మడమకి ఆనించింది. పలకలేదు. పాదం పైన ఆనించి, దారం వంగేదాకా నొక్కింది. పలకలేదు. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆఁ," అన్నాడు స్రెతెన్.

యెలిత్సా విదొసావ వైపు చూసి కళ్లతోనే ఊరుకోమంది. విదొసావ తెడ్డు గట్టిగా తిప్పింది. మిషన్‌తో ఆడే దాగుడుమూతలు ఒకెత్తు. దారం తగలకుండానే తగిలిందని చెప్పే మనిషి ఇంకెన్ని చెబుతాడు?

"పొద్దున ఏం తిన్నావు బాబాయ్?"

"నేను చెప్తాను," అంది విదొసావ. ఈ ఒక్క ప్రశ్నకు ఆమెకు భయం లేదు. "నల్ల రొట్టె రెండు ముక్కలు, తెల్లది కాదు. కాస్త జున్ను. కాఫీ, ఉత్తది. పెక్మెజ్. అంతే. వేలెత్తి చూపడానికి ఏమీ లేదు."

"పెక్మెజ్ ఎంత?"

"మూడు చెంచాలు. నాలుగు. పాపం ఇంకేముంది అతనికి తినడానికి? పైగా దాంట్లో పంచదార వెయ్యం కదా. మా అత్తగారి కాలం నుంచీ ఈ కాగులో పంచదార పడలేదు. కావాలంటే నువ్వే చూడు, పొద్దుటి నుంచీ ఉత్త పండ్లే."

యెలిత్సా పెట్టె మూత వేయబోతూ ఆగింది.

"పిన్నీ, ఈ కాగులో పొద్దున ఎన్ని పండ్లు పోశావు?"

"నిండుగా. అంచు దాకా."

"సాయంత్రానికి ఎంతవుతుంది?"

"అడుక్కి వస్తుంది. ఐదో వంతు."

"నీళ్లు పోయాయి పిన్నీ. తీపి ఎక్కడికి పోతుంది? అంత కాగులో ఉన్న తీపి అంతా అడుగున కూర్చుంటుంది. మనం వెయ్యకపోతే ఏం, పండ్లే తెచ్చుకున్నాయి. నాలుగు చెంచాల పెక్మెజ్ పెట్టేకంటే నాలుగు పంచదార ముక్కలు పెట్టడమే నయం."

విదొసావ నవ్వబోయింది. ఈ కాలపు పిల్లలు, పుస్తకాలు చదువుకున్నవాళ్లు, ప్లమ్ పండుకి కూడా వంకపెడతారు. నవ్వు నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"అయినా ఇదంతా చెప్పాను కదా బాబాయ్," అంది యెలిత్సా. "రెండు వారాలు కావస్తోంది. ఆ శుక్రవారం పిన్ని సంతకి వెళ్లింది. పెద్దమ్మ కూడా ఇక్కడే ఉంది. ఇంట్లో చెప్తానన్నావు. చెప్పలేదా?"

స్రెతెన్ చెప్పు బకిల్ సరిచేసుకుంటున్నాడు.

"మొన్న శుక్రవారం కూడా పెద్దమ్మని అడిగాను," యెలిత్సా లేచి నిలబడింది. "చేతులు కడుక్కోడానికి వాళ్లింట్లోకి వెళ్తే ఊరికే వదిలిందా? కూర్చోబెట్టి చెర్రీ స్లాత్కో పెట్టింది, తనూ నాకు తోడు తిన్నది. చెప్పాడా తమ్ముడు అంటే 'వాడే చెప్తానన్నాడమ్మా, నేను మధ్యలో వెళ్లను' అంది. ఎంత బాగుందో ఆ చెర్రీ."

బల్ల మీద గ్లాసు ఎండకు మెరుస్తోంది. లోపల రెండు చెంచాలు ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి.

"ఇంకా రెండు రోజులుంది," అంది యెలిత్సా గేటు దగ్గర. "ఇప్పుడు మొదలుపెట్టినా కొంత దిగుతుంది. ఎంత దిగుతుందో నేను చెప్పలేను. ఎవరిదీ పొట్లం? ఇక్కడ వదిలేశారు, చీమలు పడుతున్నాయి."

*

తెడ్డు విదొసావ చేతిలోనే ఉంది. పెక్మెజ్ చిక్కబడేకొద్దీ బరువెక్కుతుంది. ఇప్పుడు దాన్ని తిప్పడానికి నడుము కూడా కదలాలి. నున్నటి నల్లటి పొర పైకి ఉబ్బి, ఉబ్బి, టప్పున పగులుతోంది. పగిలినప్పుడల్లా చుక్క ఎగురుతుంది. అందుకే తెడ్డు కర్ర మనిషంత పొడవు. అయినా క్రూనియా ముంజేతి మీద పాతికేళ్ల నాటి మచ్చ ఇప్పటికీ ఉంది. ఒక్క చుక్కే, ఎముక దాకా కాల్చింది.

స్రెతెన్ పీట జరుపుకుని పొయ్యికి ఇంకా దగ్గరగా కూర్చున్నాడు. ఈ మధ్య అతనికి ఎప్పుడూ చలే.

"రెండు వారాలు," అంది విదొసావ.

అతను చేతులు పొయ్యి వైపు చాపాడు.

"పదకొండు పొద్దులు నేను పెట్టాను. నువ్వు తిన్నావు."

"నువ్వు పెట్టావు."

"నాకు తెలీదు! నీకు తెలుసు!"

"అరవకు. కొండ కిందకి వినపడుతుంది."

"వినపడనీ. ఆవిడకి వినపడాలి. ఎందుకు చెప్పలేదు?"

స్రెతెన్ గింజ ఉమ్మేశాడు. అది బూడిదలో పడింది.

"మొదటి రోజే చెబుదామనుకున్నాను. నిజం. పొద్దున లేచి వచ్చాను. నువ్వు రొట్టె మీద అంచుల దాకా పూస్తున్నావు. మూలల్లో కూడా. 'ఇదొక్కటైనా తృప్తిగా తిను' అన్నావు. రేపు చెబుదామనుకున్నాను."

"రేపు?"

"రేపు కూడా అన్నావు."

"అంటే తప్పు నాదా?"

"అది కాదు." అతను రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "విదా, రాకియా మానేశాను. మానేశానా లేదా? నువ్వే వాసన చూస్తున్నావుగా. పంచదార ముక్క మానేశాను. కేకు మానేశాను. పిల్లాడిలా గింజ చప్పరిస్తూ కూర్చున్నాను. అన్నీ అయ్యాక ఒక్కటి మిగిలింది. అది నేను తింటున్నానని అనుకోలేదు. నా చెయ్యి సీసాలో పెట్టలేదు. గూడు తియ్యలేదు. నువ్వు పెడుతున్నావు, నేను నోరు తెరుస్తున్నాను. పెట్టింది తినడం నా తప్పెలా అవుతుంది? అలా అనుకున్నాను. పొద్దున్నే అనుకునేవాణ్ణి. మధ్యాహ్నానికి మర్చిపోయేవాణ్ణి."

విదొసావ తెడ్డు తిప్పింది. ఒక చుట్టు. రెండు చుట్లు.

"మరి మీ అక్క?"

అతను బూడిదలో పడిన గింజ వైపు చూశాడు.

"మీ అక్కని దొంగ అన్నాను. నీ ఎదురుగా అన్నాను. నువ్వే చెప్తానన్నావని ఆవిడ నోరు మూసుకుని నింద పడింది. 'చెప్తావా' అని అడిగింది కూడా. నువ్వు 'నాకేం తెలుసు' అన్నావు."

"నువ్వు ఆవిణ్ణి అనుమానించావు," అన్నాడు స్రెతెన్ చాలా మెల్లగా. "అనుమానించినంతసేపూ నన్ను అడగవు కదా అనుకున్నాను."

 విదొసావ తిట్టడానికి నోరు తెరిచింది కానీ వేరే ఒకటి లోపల కదిలింది. పొద్దుటి నుంచీ, కాదు, ఆగస్టు నుంచీ కదులుతూనే ఉంది. ఇవాళే దాని వైపు చూసింది.

ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం. తినకూడనివి అని పైన రాసి ఉంది. ఆమె బడికి పోలేదు. అక్షరాలు తనంతట తను, పాత వార్తాపత్రికల మీద, ఒక్కొక్కటే నేర్చుకుంది. ఆ రోజు కూడా వేలు పెట్టి చదివింది. పంచదార. తేనె. కేకులు. తర్వాతి మాట కాస్త పొడుగుంది. అది 'పె' తో మొదలైంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయనిపించి కాగితం మడిచి, దేవుడి పటం వెనకాల పెట్టేసింది.

పాలు నిజంగా పొంగాయా?

గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. పొయ్యి గుర్తుంది, గిన్నె గుర్తుంది. పొంగడం గుర్తు రాలేదు. మళ్లీ ఆ కాగితం ఎందుకు తియ్యలేదు? పొద్దున్నే మొగుడి జేబులన్నీ వెతికే మనిషి, వదిన గూట్లో పిండి డబ్బా వెనకాల చెయ్యిపెట్టే మనిషి, రెండు నెలలుగా తన ఇంట్లో పటం వెనకాల ఎందుకు వెతకలేదు?

"ఏంటలా చూస్తున్నావు?" అన్నాడు స్రెతెన్.

"నిన్ను కాదు."

కొండ కింద వంతెన దగ్గర బస్సు హారన్ మోగింది. పన్నెండున్నర అయింది. పెరట్లోంచి చూస్తే కింద బస్సాగే చోటు, పక్కన పొట్టి మల్బరీ చెట్టు, దాని కింద నల్ల తలగుడ్డ చుక్కలా కనిపిస్తున్నాయి. చుక్క లేచి నిలబడింది.

"మీ అక్కని ఆపు!" అంది విదొసావ. "నువ్వు కేకెయ్యి. నీ గొంతు వింటే ఆగుతుంది. పో, గేటు దాకా పో!"

"పోయి ఏమనాలి?"

"నిజం చెప్పు! ఒక్కసారైనా నిజం చెప్పు. తర్వాత నేనూ చెప్తాను."

"నువ్వేం చెప్తావు?"

"లేవయ్యా ముందు!"

స్రెతెన్ మోకాళ్ల మీద చేతులానించి లేచాడు. లేవడానికి ఎడమ కాలు ముందుకు, పొయ్యి వైపుకి చాపాడు. విదొసావ అతన్ని చూస్తూ, కింద బస్సును చూస్తూ, తెడ్డు ఆపిందని తనే గమనించలేదు. కాగు మధ్యలో పొర ఉబ్బింది. అరచేయంత ఉబ్బింది.

టప్పుమని పగిలింది.

కోడిగుడ్డంత నల్లటి ముద్ద ఎగిరి అతని ఎడమ పాదం మీద, గుడ్డ చుట్టని చోట, సరిగ్గా పడింది. సన్నటి ఆవిరి లేచింది.

 విదొసావ తన కాలే కాలినట్టు వెనక్కి అడుగు వేసింది. అతని కేక కోసం ఎదురుచూసింది.

"ముందు నేను ఒక్కటి అడుగుతాను," అంటున్నాడు స్రెతెన్ గేటు వైపు తిరిగి. "అక్క వెనక్కి వచ్చిందనుకో, ఆ గూడు జోలికి మళ్లీ వెళ్లవు కదా? నా జేబులు నువ్వు వెతుక్కో, నేనేమీ అనను. ఆవిడది మాత్రం..."

ముద్ద అతని పాదం మీద మెల్లగా పక్కకి జారుతోంది. జారిన చోట చర్మం తెల్లబడి, ముడుచుకుని, కదులుతోంది.

"స్రెతెన్."

"ఉఁ?"

"కాలు."

అతను ఆమె ముఖం చూశాడు. ఆ ముఖంలో ఏం కనిపించిందో, గొంతు తగ్గించాడు.

"ఏ కాలు?" అన్నాడు.

కింద బస్సు తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. తెడ్డు విదొసావ చేతిలోంచి జారి కాగు అంచుకు ఆని నిలబడింది. నలభై ఒక్క సంవత్సరాలలో మొదటిసారి ఆ కాగు అడుగు నుంచి మాడు వాసన లేచింది. ఆమె అటు తిరగలేదు.